ఎనిమిది మిల్లీమీటర్ల బోల్టు కోసం ఐదు రోజులు

మొదటి రోజు, శుక్రవారం: కోవెంట్రీ నుంచి న్యూ ఫారెస్ట్

ఇంగ్లండులో, కోవెంట్రీలో మా గ్యారేజీలో ఉన్నదాన్ని కారు అనడం కన్నా కారు సామాను అనడం న్యాయం. 1948 ఎంజీ టీసీ, ఇంగ్లీషువాళ్ల స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు, సైకిలు చక్రాల్లా పుల్లలున్న 19 అంగుళాల చక్రాలు, పొడుగాటి బానెట్. 1945 చివర్లో మొదలుపెట్టి 1949 దాకా ఇలాంటివి సుమారు 10,000 చేశారు. అమెరికాకి పంపినవాటికి కూడా స్టీరింగు కుడివైపే పెట్టారు. నాకు మూడేళ్ల కిందట దొరికింది, పదకొండు అట్టపెట్టెల్లో, పైగా ఆ పెట్టెల్లో సగం సామాను వేరే కార్లది.

అదృష్టం కొద్దీ ఇంజన్ బ్లాకు మాత్రం దానిదే. ఎక్స్‌పీఏజీ అంటారు, 1250 సీసీ, 54 హార్స్‌పవర్. బ్లాకుకి కొట్టిన ఎనిమిది అంచుల ఇత్తడి బిళ్ల మీది నంబరూ, బండి పలక మీది ఇంజన్ నంబరూ ఒకటే. (ఆ బిళ్లలు ఇప్పుడు కొత్తవి అమ్ముతారు, కావాల్సిన నంబరు కొట్టుకోవచ్చు. కాబట్టి బిళ్లని చూసి మోసపోవద్దు. నాది పాతదే, దాన్ని ఎవరూ కదిలించలేదు.) తంటా అంతా బ్లాకు చుట్టూ ఉండాల్సినవాటితో. బ్యాటరీని చార్జి చేసే పాతకాలం డైనమో తీసేసి ఎవరో ఈ కాలం ఆల్టర్నేటర్ పెట్టారు, పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజన్‌కి పంపే రెండు ఎస్‌యూ కార్బొరేటర్ల చోట ఏదో ఒంటి కార్బొరేటర్ తగిలించారు, బోల్టులు సగం కొత్తవి, అందులోనూ కొన్ని దూరనంటే పానాకి పైపు తొడిగి మరీ బలవంతాన దూర్చారు.

నడిస్తే చాలనుకుంటే ఇదంతా అక్కర్లేదు, కేటలాగు చూసి ఆర్డరిస్తే వారంలో కొత్త సామాను ఇంటికొస్తుంది. నాకు మాత్రం 1948 జూన్‌లో ఫ్యాక్టరీ గేటు దాటినప్పుడు దీనికి ఏముందో అదే కావాలి. ఎందుకని మా ఆవిడ అడుగుతూనే ఉంటుంది, నేను జవాబు చెప్పకుండా గ్యారేజీలోకి వెళ్లిపోతుంటాను.

ఈసారి తోడు మా బాబాయ్. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై అయిదేళ్లు లేత్ నడిపాడు, అంబాసిడర్ బ్లాకులు ఎన్ని బోరు కొట్టాడో ఆయనకే లెక్క లేదు. విజిట్ వీసా మీద వచ్చి నెల రోజులుగా మా ఇంట్లో టీవీ చూసి చూసి విసుగెత్తి ఉన్నాడు. "పాత సామాను సంత ఉంది, వస్తావా బాబాయ్" అన్నానో లేదో చెప్పులేసుకున్నాడు.

ఊరు దాటే ముందు గాస్‌ఫర్డ్ స్ట్రీట్‌లో అయిదు నిమిషాలు ఆపాను. అక్కడ కోవెంట్రీ యూనివర్సిటీ వాళ్ల విలియం మోరిస్ బిల్డింగు ఉంది. నేను ఎమ్మెస్సీ చేసిన రోజుల్లో ఏడాదంతా దాని ముందు నుంచే నడిచాను, మనవాళ్లు వందల మంది ఇప్పటికీ నడుస్తూనే ఉన్నారు, అది ఒకప్పుడు ఇంజన్ల ఫ్యాక్టరీ అని నాకప్పుడు తెలిస్తే ఒట్టు. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మన్లు పారిస్ మీదికి వస్తారేమోనన్న భయంతో హాచ్‌కిస్ అనే ఫ్రెంచి తుపాకుల కంపెనీ కోవెంట్రీలో ఒక ఫ్యాక్టరీ పెట్టుకుంది. యుద్ధం అయిపోయాక తుపాకులు ఎవరికి కావాలి, మోరిస్ కార్లకి ఇంజన్లు చేయడం మొదలుపెట్టింది. 1923లో ఆ కార్ల యజమాని విలియం మోరిస్ ఆ ఫ్యాక్టరీనే కొనేశాడు. మిషన్లు ఫ్రెంచివి కాబట్టి థ్రెడ్డు మెట్రిక్. కానీ అప్పటి ఇంగ్లీషు మెకానిక్కుల దగ్గరున్నవి విట్‌వర్త్ పానాలు, అంటే పాత ఇంగ్లీషు అంగుళాల లెక్కవి. అందుకని బోల్టు ఒంటికి మెట్రిక్ థ్రెడ్డు కోసి, తలకాయ మాత్రం విట్‌వర్త్ సైజులో చేశారు. తర్వాత ఇంజన్ల పని కోర్ట్‌హౌస్ గ్రీన్‌కి మారినా ఈ లెక్క మారలేదు, మా ఎక్స్‌పీఏజీ దాకా వచ్చింది. ఇక్కడి పాత కార్లవాళ్లు దీన్ని పిచ్చి మెట్రిక్ అని తిట్టుకుంటారు.

ఇంకో తిరకాసు. మన బజార్లో దొరికే మామూలు 8 మిల్లీమీటర్ల బోల్టు పిచ్, అంటే థ్రెడ్డులో చుట్టుకీ చుట్టుకీ మధ్య దూరం, 1.25 మిల్లీమీటర్లు. దీనిది 1. తలకాయకేమో 13 పానా పట్టదు, 14 పానా జారుతుంది.

ఇదంతా విని బాబాయ్ ఒకటే అన్నాడు. "శరీరం ఒకరిది, తల ఒకరిది. వినాయకుడన్నమాట."

ఆక్స్‌ఫర్డ్, న్యూబరీ, వించెస్టర్ మీదుగా దక్షిణానికి దిగాం. దారిలో ఆపి పులిహోర తిన్నాం. చీకటి పడే వేళకి న్యూ ఫారెస్ట్. 1079లో విలియం రాజు వేట కోసం ఉంచుకున్న అడవి ఇది, ఇప్పుడు గుర్రాలు రోడ్డు మీద ఇష్టమొచ్చినట్టు తిరుగుతాయి. వాటికి యజమానులున్నారు, కట్టేయడం మాత్రం ఉండదు. ఒక గుర్రం రోడ్డుకి అడ్డంగా నిలబడి కదల్లేదు. "మన గేదెలే నయం, హారన్ కొడితే కనీసం తల తిప్పి చూస్తాయి" అని బాబాయ్.

రెండో రోజు, శనివారం: బ్యూలీ

ఊరి పేరు ఫ్రెంచిలో రాసి ఇంగ్లీషులో బ్యూలీ అని పలుకుతారు. జాన్ రాజు 1204లో పెట్టించిన మఠం శిథిలాలున్నాయి, నేషనల్ మోటార్ మ్యూజియం ఉంది. మేం రెండూ చూడలేదు. మ్యూజియం పక్క పొలాల్లో 1967 నుంచి ఏటా పాత కార్ల సామాను సంత జరుగుతుంది, ఆటోజంబుల్ అంటారు. అంగళ్లు వెయ్యికి పైనే ఉంటాయి. ఇంత పెద్ద సంతకి లిస్టు లేకుండా వెళ్తే సాయంత్రానికి చేతిలో పాత నూనె డబ్బాలూ రేకు బొమ్మలూ ఉంటాయి, ఆ అనుభవం నాకు కిందటేడే అయింది.

లిస్టులో మూడే ఉన్నాయి. ఒకటి, లూకాస్ డైనమో, సీ45వైవీ రకం, వెనక గేరుపెట్టెతో సహా. టీసీలో ఇంజన్ ఎంత తిరుగుతోందో చూపించే రెవ్ కౌంటర్‌కి కేబులు ఇంజన్ నుంచి రాదు, డైనమో వెనకున్న బుల్లి గేరుపెట్టె నుంచి వస్తుంది. డైనమోలు ఈ దేశంలో గుట్టలుగా ఉన్నాయి, ఆ గేరుపెట్టె ఉన్నవే లేవు. రెండు, ఎస్‌యూ హెచ్2 కార్బొరేటర్ల జత, 1¼ అంగుళాలవి. మూడు, పిచ్చి మెట్రిక్ బోల్టులు, పాతవి, ఎన్ని దొరికితే అన్ని. జేబులో టార్చి, అయస్కాంతం, మందం కొలిచే వెర్నియర్, స్కేలు, నోట్లు. కార్డు తీసుకోని అంగళ్లు ఇంకా ఉన్నాయి.

మొదటి గంటలోనే "టీసీ ఇంజన్, పూర్తి సెట్టు" అని బోర్డు కనపడింది. గుండె ఆగినంత పనైంది. వంగి బిళ్ల చూస్తే నంబరు ముందు ఎక్స్‌పీఏడబ్ల్యూ అని ఉంది. అది వూల్జ్‌లీ 4/44 సెడాన్ ఇంజన్. అదే 1250 సీసీ, అదే కుటుంబం, తమ్ముడి వరస, కానీ టీసీది కాదు. అమ్మేవాడు నిజంగా తెలియక పెట్టాడో, తెలిసే పెట్టాడో. నేను ఆ మాట చెబితే "అన్నీ ఒకటేనండీ" అన్నాడు.

ఇంకో చోట సిలిండర్ హెడ్. హెడ్ నాకక్కర్లేదు, అయినా బాబాయ్ దాన్ని తిరగేసి టార్చి వేసి చూశాడు. నీళ్ల కంతలు గుండ్రంగా ఉన్నాయి. టీసీ హెడ్డుకి కోలగా ఉంటాయి, గుండ్రటివి తర్వాత, టీసీ వెనక వచ్చిన టీడీ మోడలు రోజుల్లో వచ్చాయి. స్పార్క్ ప్లగ్గు సంగతీ అంతే. టీసీకి అర అంగుళం థ్రెడ్డున్న పొట్టి ప్లగ్గు, చివరి రోజుల టీడీ హెడ్లకి ముప్పావు అంగుళంది. పొట్టి హెడ్‌లో పొడుగు ప్లగ్గు బిగిస్తే కొస లోపలికి పొడుచుకొస్తుంది, పిస్టన్ పైకొచ్చినప్పుడు ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

మధ్యాహ్నానికి కాళ్లు లాగేస్తున్నాయి. ఆ స్థితిలోనే కార్బొరేటర్లు దొరికాయి. హెచ్2 జత, 1¼, పాలిష్ కొట్టి తళతళలాడుతున్నాయి, పిస్టన్ ఎత్తి వదిలితే టక్కున మెత్తగా దిగింది. అవతల ఇంకొకాయన కూడా వాటికేసే చూస్తున్నాడు. టెన్షన్‌లో బేరం కూడా సరిగ్గా చేయకుండా 120 పౌండ్లు ఇచ్చేశాను. బాబాయ్ అప్పుడు పక్కన లేడు. ఉంటే ఈ కథ వేరేగా ఉండేది.

ఎక్కడున్నాడయ్యా అని వెతికితే నాలుగు అంగళ్లవతల నేల మీద గొంతుక్కూర్చుని ఉన్నాడు, ముందర ఒక తుప్పు బకెట్టు. బకెట్టు నిండా బోల్టులు. ఒక్కోటీ తీసి స్కేలు మీద పెట్టి చుట్లు లెక్కపెట్టి కుడి గుట్టలోనో ఎడమ గుట్టలోనో వేస్తున్నాడు. అంగడాయన కుర్చీలో కూర్చుని టీ తాగుతూ వింతగా చూస్తున్నాడు.

లెక్కపెట్టడం ఎందుకంటే, ఇక్కడ పెద్ద మోసగాడు 5/16 అంగుళాల బీఎస్‌ఎఫ్ బోల్టు, బీఎస్‌ఎఫ్ అంటే అంగుళాల లెక్కలో సన్న థ్రెడ్డు. టీసీ ఛాసిస్ అంతా ఆ ఇంగ్లీషు థ్రెడ్డే. దాని మందం 7.94 మిల్లీమీటర్లు, ఇంజన్ బోల్టుది 8. తలకాయ సైజూ అదే, పానా అదే, కంటికి తేడా తెలియదు. ఇంజన్‌లో పెడితే రెండు చుట్లు హాయిగా తిరిగి మూడో చుట్టుకి పట్టేస్తుంది, అప్పుడే మనవాళ్లు పైపు తెస్తారు. అంగుళానికి 22 చుట్లుంటే బీఎస్‌ఎఫ్. పది మిల్లీమీటర్లకి సరిగ్గా పది చుట్లుంటే మనది.

"ఒరే అబ్బాయ్, దీని తల మీద రాత చూడు" అని ఒకటి చూపించాడు. న్యూవాల్ హైటెన్‌సైల్ అని గుండ్రంగా పొంగి ఉంది. ఆ కాలం బోల్టులకి తయారీదారు పేరు అలా తల మీదే ఉండేది. కొత్త బోల్టు అదే సైజులో ఎంత బాగా కోసినా ఆ రాత ఉండదు, తెలిసినవాడు బానెట్ ఎత్తగానే ముందు చూసేది దాన్నే. రెండు గంటల కష్టానికి ముప్పై నాలుగు బోల్టులు. ఎంత అని అడిగితే అంగడాయన బకెట్టంతా కలిపి అయిదు పౌండ్లు అన్నాడు. బాబాయ్ మూడు అన్నాడు. నాకు సిగ్గేసి నేనే అయిదూ ఇచ్చేశాను, అందుకు దారంతా చీవాట్లు.

మూడో రోజు, ఆదివారం: మళ్లీ బ్యూలీ

రాత్రి బసలో బాబాయ్ కార్బొరేటర్లు చేతిలోకి తీసుకుని రెండు నిమిషాలు మాట్లాడలేదు. తర్వాత "నీ మానిఫోల్డు వాలుగా ఉంటుందా, నిలువుగా ఉంటుందా" అన్నాడు. కార్బొరేటర్లని ఇంజన్‌కి కలిపే గొట్టం అది. నా ఫోన్లో ఫోటో చూపించాను. వాలుగానే ఉంది. టీసీ కార్బొరేటర్లు సెమీ డౌన్‌డ్రాఫ్ట్, అంటే గొంతు ఏటవాలుగా ఇంజన్ వైపు దిగుతుంది, పక్కనున్న పెట్రోలు గిన్నె మాత్రం నిటారుగా నిలబడాలి, అందుకు తగ్గట్టు దాని చెయ్యి వంపుగా పోతపోస్తారు. నేను కొన్నవి అడ్డంగా బిగించే రకం. వాటిని మా మానిఫోల్డుకి బిగిస్తే గిన్నెలు రెండూ తాగినవాడిలా పక్కకి ఒరుగుతాయి, లోపలి ఫ్లోటు సరిగ్గా తేలదు. ఏ సెడాన్‌వో మరి.

పొద్దున్నే ఆ అంగడికి వెళ్లాం. చూసి కొనుక్కున్నదేగా, వాపసు లేదన్నాడు. ఇవి టీసీవని నిన్న చెప్పావు కదా అంటే, సరిపోతాయన్నాను గానీ టీసీవని అనలేదన్నాడు. వాదించి లాభం లేదు. తప్పు నాదే, మానిఫోల్డు ఫోటో జేబులోనే ఉండి కూడా చూసుకోలేదు. చివరికి బాబాయ్ ఒక అట్టముక్క మీద "హెచ్2, జత, 75" అని నాచేత రాయించి, దాన్ని నా మెడలో వేలాడదీసుకుని తిరగమన్నాడు. ఇక్కడ చాలామంది ఇలాగే మెడలో అట్ట తగిలించుకుని తిరుగుతారు, నేనొక్కణ్ణే కాదు. గంటలో ఒకాయన 70కి తీసుకెళ్లాడు. ఆయనకి సరిగ్గా అవే కావాలట, గిన్నెలు ఎలా నిలబడతాయో నేను మూడుసార్లు చూపించి మరీ ఇచ్చాను.

ఆ 70 తీసుకొచ్చిన అట్టే డైనమోకీ దారి చూపించింది. వెనకవైపు "టీసీ డైనమో కావాలి, గేరుపెట్టెతో" అని రాసి తిప్పుతున్నాను. ముసలాయనొకరు ఆపి, బాన్‌బరీ దగ్గర పల్లెలో తన పాత స్నేహితుడి దగ్గర ఉందని చెప్పి అక్కడికక్కడే ఫోన్ చేశాడు. ఆయనా, ఆయన పక్కనున్నాయనా ఆ తర్వాత టీసీ ఇంజన్‌కి వేసిన రంగు బూడిదా, ఆకుపచ్చ కలిసిన బూడిదా అని వాదించుకోవడం మొదలుపెట్టారు. మేం దండం పెట్టి బయటపడ్డాం.

నాలుగో రోజు, సోమవారం: ఆబింగ్డన్, బాన్‌బరీ

దారిలోనే కదా అని ఆబింగ్డన్ ఆగాం. ఎంజీ ఫ్యాక్టరీ ఇక్కడే, 1929 నుంచి 1980 అక్టోబరులో మూసేదాకా. అంతకుముందు తోలు ఫ్యాక్టరీ అది. ఇప్పుడక్కడ ఫ్యాక్టరీ అని చెప్పుకోడానికి పెద్దగా ఏం మిగల్లేదు, పక్కనే ఎంజీ కార్ క్లబ్ ఆఫీసు ఉంది, కింబర్ హౌస్ అని. సెసిల్ కింబర్ పేరు. ఆక్స్‌ఫర్డ్‌లో మోరిస్ గ్యారేజెస్ మేనేజరుగా ఉంటూ ఎంజీని నిలబెట్టిన మనిషి. ఆ రెండక్షరాలు గ్యారేజీ పేరులోవే. 1941లో ఆయన్ని ఉద్యోగం నుంచి పంపేశారు, 1945 ఫిబ్రవరిలో కింగ్స్ క్రాస్ దగ్గర రైలు ప్రమాదంలో పోయాడు. టీసీ ఆ ఏడాది చివర్లో బయటికొచ్చింది. ఫోటో తీసుకుని కదిలాం.

బాన్‌బరీ ఆయనకి ఎనభై దాటి ఉంటాయి. ఆయన టీసీని 1971లో అమ్మేశాడట, విడి సామాను మాత్రం కొట్టంలోనే ఉండిపోయింది. వెంటనే డైనమో చూపించలేదు. ముందు నా కారు ఫోటోలు అడిగాడు, ఇంజన్ నంబరు అడిగాడు, తిరిగి అమ్ముకోడానికా అని అడిగాడు. టీ ఇచ్చాడు. ఈలోగా బాబాయ్ కొట్టం మూలనున్న పాత లేత్ దగ్గరికి వెళ్లి దాని స్లైడు అటూ ఇటూ జరిపి చూస్తున్నాడు. బాబాయ్‌కి ఇంగ్లీషు అంతంతమాత్రం, ఆయనకి తెలుగు రాదు, అయినా ఇద్దరూ చేతులతో, "థౌ" (అంగుళంలో వెయ్యో వంతు) అనీ "బ్యాక్‌లాష్" (స్క్రూలో వదులు) అనీ ఇరవై నిమిషాలు మాట్లాడుకున్నారు. నేను పక్కన ఖాళీ కప్పు పట్టుకుని నిలబడ్డాను.

అప్పుడు తెచ్చాడు. గోనెగుడ్డలో చుట్టి ఉంది. సీ45వైవీ, వెనక గేరుపెట్టె చెక్కుచెదరకుండా. పుల్లీ తిప్పితే వెనక కేబులు తగిలించే చోట నెమ్మదిగా తిరిగింది. నా చేతులు వణికాయంటే నమ్మండి. గుడ్డతో ఒళ్లు తుడిచి స్టాంపు చూశాను. లూకాస్ వాళ్లు తమ సామాను మీద నెలా, సంవత్సరం కొట్టేవాళ్లు. 11 48.

నవంబరు. నా కారు జూన్‌లో తయారైంది. అంటే ఈ డైనమో పుట్టేనాటికి నా కారు రోడ్డెక్కి అయిదు నెలలు.

ముఖం చూసి ఆయనకి అర్థమైంది. కొందరు ఇలాంటప్పుడు స్టాంపు సానపట్టి వేరే నెల కొట్టుకుంటారని చెప్పాడు, పనిముట్లు కూడా ఉన్నాయని నవ్వాడు. నేను బాబాయ్‌కి తెలుగులో చెప్పాను. "అబ్బాయ్, నువ్వు నిజమైంది కావాలని కదూ ఇంత దూరం వచ్చావు. దాని మీద దొంగ తేదీ కొడితే ఇంట్లో ఉన్న ఆల్టర్నేటరేం పాపం చేసింది" అన్నాడు. 180 పౌండ్లు. ఈసారి బాబాయ్ బేరం ఆడలేదు, ఎందుకో నేనూ అడగలేదు.

గుమ్మం దాటుతుంటే ఆయన వెనక్కి పిలిచి ఒక చెక్క పెట్టె చేతిలో పెట్టాడు. వాలుగా బిగించే హెచ్2 కార్బొరేటర్ ఒక్కటి. రెండోది ఎవరికో ఎప్పుడో ఇచ్చేశాడట. డబ్బు తీసుకోలేదు.

అయిదో రోజు, మంగళవారం: ఇల్లు

ఆఫీసుకి సెలవు పెట్టాను. పొద్దున్నే గ్యారేజీలో బోల్టులన్నీ డీజిల్లో నానబెట్టి తుడిచాం. వాటర్ పంపు దగ్గరి కంతలో న్యూవాల్ బోల్టు ఒకటి పెట్టి తిప్పితే పానా లేకుండా వేళ్లతోనే చివరిదాకా దిగిపోయింది. దాని పక్క కంతలో మాత్రం కారు పాత యజమాని పైపుతో బిగించిన పాపం ఇంకా ఉంది, థ్రెడ్డు చితికిపోయింది. థ్రెడ్డు కోసే 8 బై 1 ట్యాప్ తెప్పించి సరిచేయాలి.

మధ్యాహ్నం డైనమో. బల్ల మీద వైసులో బిగించి, వెనక కేబులు తగిలించి, ఆ కేబులు రెండో కొసకి పెట్టెలో ఉన్న రెవ్ కౌంటర్‌ని బిగించాం. టీసీలో రెవ్ కౌంటర్ డ్రైవరు ముందు ఉంటుంది, స్పీడోమీటరు పక్కసీటు వాళ్ల ముందు ఉంటుంది. ఎంత స్పీడులో పోతున్నామో డ్రైవరుకి కాదు, పెళ్లానికి తెలుస్తుందన్నమాట. డ్రిల్లు మిషన్‌కి సాకెట్టు పెట్టి పుల్లీ నట్టుకి ఆనించాను. మీట నొక్కాను.

ముల్లు కదల్లేదు.

"దిక్కు మార్చరా" అన్నాడు బాబాయ్. డ్రిల్లుని వెనక్కి తిప్పుతున్నాను. మార్చాను. లోపల గడియారంలా టిక్ టిక్ మని చప్పుడు మొదలైంది. జేగర్ కంపెనీ వాళ్ల పాత క్రోనోమెట్రిక్ మీటరు ముల్లు ఇప్పటి మీటర్లలా జారదు, మెట్లెక్కినట్టు ఆగి ఆగి ఎక్కుతుంది. అయిదువందలు దాటింది, ఆగింది, ఇంకో మెట్టు ఎక్కింది.

మా ఆవిడ వంటింట్లోంచి ఆ చప్పుడేంటని కేకేసింది. బాబాయ్ వినిపించుకోలేదు, మీటరు అద్దానికి ముక్కు ఆనించి చూస్తున్నాడు.

"వదలమాకు, ఇంకొంచెం తిప్పు" అన్నాడు.